ముడత గింజను ఎవరు కాపాడారు?

మొదటిసారి స్వీట్ కార్న్ విత్తనాల పాకెట్ చింపినప్పుడు నన్ను మోసం చేశారనే అనుకున్నాను. లోపల ఉన్నవి విత్తనాల్లా లేవు. ఎండి, ముడుచుకుపోయి, బుగ్గలు లోపలికి పోయిన ముసలి మొహాల్లా ఉన్నాయి. అరచేతిలో పోసుకుంటే బరువే తెలియలేదు. పుచ్చు సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ సగం పారేశాను. మిగతా సగం పారేయకపోవడానికి కారణం బద్ధకమే.

ఆ మిగిలినవి నాటితే సగానికి సగం మొలిచాయి. అప్పుడు గానీ ఈ పంట గురించి చదవడం మొదలుపెట్టలేదు. చదివాక సిగ్గేసింది. ఆ ముడతలు చూసే అది స్వీట్ కార్న్ విత్తనమని గుర్తుపడతారట. గింజలు నున్నగా, నిండుగా ఉండుంటే అప్పుడు పోట్లాడాల్సింది.

మామూలు మొక్కజొన్నలో ఆకుల్లో తయారైన చక్కెర గింజలోకి చేరి అక్కడ పిండిగా మారిపోతుంది. ముదిరేసరికి గింజ నిండా పిండి కూరి ఉంటుంది కాబట్టి నీరు ఆరిపోయినా తోలు బిగువుగానే ఉంటుంది. స్వీట్ కార్న్‌లో ఈ పని మధ్యలో చెడుతుంది. నాలుగో క్రోమోజోమ్ మీద ఉండే ‘షుగరీ-1’ అనే జన్యువు పాడవడం వల్ల పిండి సరిగా కట్టుకోదు. చాలా చక్కెర చక్కెరగానే మిగిలిపోతుంది. దానితోపాటు ఫైటోగ్లైకోజెన్ అనే, నీళ్లలో కరిగే పదార్థం పోగవుతుంది. లేత గింజను గోటితో గిల్లితే మీగడలా బయటికి వస్తుందే, ఆ చిక్కదనం దానిదే. గింజ ఎండేటప్పుడు నీరంతా పోతుంది, తోలును నింపడానికి లోపల సరుకుండదు, ముడత పడుతుంది.

తినేవాడికి ఇష్టమైన ఆ తీపి మొక్క లెక్కలో మాత్రం లోపమే. పిల్లమొక్క కోసం దాచిన తిండి తక్కువ కాబట్టి చల్లటి తడి నేలలో విత్తనం మొలవలేక కుళ్లిపోతుంది. తీపి అంటే బూజుకూ పురుగుకూ మనకన్నా ఆశ ఎక్కువ. పైగా ఈ లోపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు పక్కలా వస్తేనే బయటపడుతుంది. మొక్కజొన్న పొత్తులో ఒక్కో పీచు ఒక్కో గింజది. పక్క చేలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి గాలికి ఎగిరొచ్చి ఆ పీచు మీద వాలిందంటే ఆ గింజ పిండిగింజ అయిపోతుంది. మరుసటి తరం దాకా ఆగనక్కర్లేదు, ఆ ఏటి పొత్తులోనే తేడా కనిపిస్తుంది.

దీన్నిబట్టి నాకొకటి తోచింది. స్వీట్ కార్న్ తనంతట తాను నిలబడే పంట కాదు. పట్టించుకోకుండా వదిలేస్తే కొన్ని తరాల్లో మామూలు మొక్కజొన్నలో కలిసిపోతుంది. ఎక్కడైనా ఒక ముడత గింజల పొత్తు కనపడిందంటే, ఏటేటా ఆ గింజల్ని ఏరి, వేరుగా దాచి, వేరుగా నాటిన మనుషులు దాని వెనక ఉన్నట్టే. కానీ విత్తనాల కేటలాగుల్లో, తోటపని పుస్తకాల్లో స్వీట్ కార్న్ చరిత్ర ఆ మనుషులతో మొదలవదు, ఒక సైనికుడితో మొదలవుతుంది. నా గొడవంతా అక్కడే.

ఆ సైనికుడి కథ ఇది. 1779లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతుండగా, జార్జ్ వాషింగ్టన్ మేజర్ జనరల్ జాన్ సలివన్‌ను హౌడెనొషోనీల మీదికి పంపాడు. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో ఉండిన మూలవాసుల ఆరు జాతుల సమాఖ్య అది. బయటివాళ్లు వాళ్లను ఇరోక్వాలు అనేవారు. ఆ ఆరింటిలో ఒనైడా, టస్కరోరాలు ఎక్కువగా అమెరికన్ల పక్షాన ఉంటే, సెనెకా, కయూగా, ఒనొండాగా, మోహాక్‌లలో ఎక్కువమంది బ్రిటిష్ పక్షాన ఉన్నారు. మే 31న వాషింగ్టన్ ఇచ్చిన ఆదేశంలో దాపరికమేమీ లేదు. ఊళ్లను నాశనం చేయాలి, చేలో ఉన్న పంటను పాడుచేయాలి, మళ్లీ నాటుకోకుండా చూడాలి. సలివన్ ఆ పని చేసి, 40 ఊళ్లనూ 1,60,000 బుషెళ్ల (బుషెల్ అంటే ధాన్యం కొలత) మొక్కజొన్ననూ నాశనం చేశామని నివేదికలో లెక్క చూపించాడు. సైనికులు పొత్తులు కోసుకుని కడుపునిండా తిని, మిగతా చేను నరికారు, తగలబెట్టారు.

ఆ సైన్యంలోని లెఫ్టినెంట్ రిచర్డ్ బాగ్నల్ సస్క్వెహానా నది ప్రాంతంలో దొరికిన ‘పపూన్’ అనే తీపి మొక్కజొన్నను మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు తీసుకెళ్లాడని, అక్కడి నుంచి అది తోటల్లోకి పాకిందని అంటారు. ఈ సంగతి 1822లో ఒక వ్యవసాయ పత్రికకు వచ్చిన ఉత్తరంలో ఉంది. అంటే జరిగిందని చెప్పిన నలభై ఏళ్ల తర్వాతి మాట. ఆ ఉత్తరం ఆధారంగానే స్వీట్ కార్న్‌ను 1779లో ‘కనుగొన్నారు’ అని ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు.

తగలబెడుతున్న చేలోంచి జేబులో వేసుకొచ్చిన పొత్తుకు ‘కనుగొన్నారు’ అనే మాట ఎలా పొసుగుతుంది? ఆ చలికాలం ఇళ్లూ గాదెలూ పోగొట్టుకున్న వేలమంది ఫోర్ట్ నయాగరా దగ్గర బ్రిటిష్ వాళ్లిచ్చే తిండి కోసం చేరారు. ఆ ఏడు మంచు మామూలుగా కురవలేదు. ఆకలికీ చలికీ ఎంతోమంది చచ్చిపోయారు. వాషింగ్టన్‌కు హౌడెనొషోనీలు పెట్టిన పేరుకు ‘ఊళ్లు నాశనం చేసేవాడు’ అని అర్థం. 1790లో సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ ఆ మాట వాషింగ్టన్‌తోనే అన్నాడు. ఆ పేరు వినపడితే ఈనాటికీ మా ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి పాలిపోతారు, మా పిల్లలు తల్లుల మెడలు గట్టిగా పట్టుకుంటారు అని చెప్పాడు. మొక్కజొన్న నాటేవాడు అనే పేరున్న మనిషి చెప్పిన మాట ఇది. స్వీట్ కార్న్ చరిత్రలో బాగ్నల్‌కు ఒక పేరా ఇచ్చేవాళ్లు ఈయనకు ఒక్క వాక్యమైనా ఇవ్వొచ్చు.

దీనికి ఒక జవాబు నేను విన్నాను. అన్యాయమే జరిగి ఉండొచ్చు, కానీ బాగ్నల్ తీసుకురాకపోతే ప్రపంచానికి స్వీట్ కార్న్ తెలిసేది కాదు కదా, అని. అది నిలబడే వాదన కాదు. షుగరీ-1 జన్యువు చెడిపోవడం ఒకే చోట, ఒకేసారి జరగలేదు. జన్యువులో దెబ్బతిన్న చోటు అన్ని రకాల్లో ఒకటి కాదు, అంటే అవి వేరువేరుగా పుట్టినవే. మెక్సికోలో తీపి మొక్కజొన్న ఉంది, పెరూ కొండల్లో ఉంది, అమెరికా నైరుతి ఎడారుల్లో హోపీ జాతివాళ్ల దగ్గర ఉంది, మిస్సోరీ నది పక్కన ఉంది. మొక్కజొన్న పుట్టిందే నైరుతి మెక్సికోలోని బాల్సాస్ నది లోయలో, దాదాపు 9,000 ఏళ్ల కిందట, టియోసింటే అనే గడ్డి నుంచి. ఆ గడ్డి కంకిలో పది గింజలుంటే గొప్ప, అవీ రాయిలాంటి పెంకుల్లో. దాన్ని పొత్తుగా మార్చినవాళ్లకు, పొత్తులో అక్కడక్కడ కనపడిన ముడత గింజ కంటికి ఆనకుండా పోతుందా? ఎవరి చేలో పడితే వాళ్లే దాన్ని చూశారు, ఏరారు, దాచారు.

ఎలా దాచారన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. హౌడెనొషోనీల్లో పొలం పనీ విత్తనమూ ఆడవాళ్ల చేతుల్లో ఉండేవి. ఉత్తర డకోటాలో మిస్సోరీ ఒడ్డున బతికిన హిడాట్సాల్లోనూ అంతే. వాళ్లలో 1839 ప్రాంతంలో పుట్టిన ఒకావిడ పేరును ఇంగ్లిష్‌లో బఫెలో బర్డ్ ఉమన్ అని రాస్తారు. ఆవిడ తన వ్యవసాయమంతా గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడికి చెబితే అది 1917లో అచ్చయింది. అందులో ఆవిడ ఒక మాట అంటుంది. మొక్కజొన్న ప్రయాణం చేస్తుందట. ఒక చేలో తెల్లది, పక్క చేలో పసుపుది నాటితే, తెల్లది పసుపుదాని దగ్గరికి, పసుపుది తెల్లదాని దగ్గరికి వెళ్తుందట. ఏ శక్తి వల్ల అలా జరుగుతుందో మాకు తెలియదు, జరుగుతుందని మాత్రం తెలుసు అని కూడా అంటుంది. పుప్పొడి, సంకరం, అంతర్గత జన్యువు (రెండు పక్కలా వస్తేనే బయటపడేది) అన్న మాటలు ఒక్కటీ లేకుండా ఆ విషయం అంత సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. తెలిసిందాన్నీ తెలియనిదాన్నీ అంత శుభ్రంగా విడదీసి చెప్పడం శాస్త్రవేత్తలందరికీ చేతకాదు.

హిడాట్సాల దగ్గర తొమ్మిది రకాల దాకా ఉండేవి. వాటిలో బంకగింజ అని పిలుచుకున్నది తీపి రకం. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి తెలిసింది. పచ్చిపొత్తులు ఉడకబెట్టుకోవడానికి వాళ్లు వేరే రకాలు వాడేవారు. ఈ బంకగింజను ముదరనిచ్చి, ఎండబెట్టి, వేయించి, దంచి ఉండలు చేసుకునేవారు. ఇదేదో వాళ్ల ఒక్కళ్ల అలవాటనుకుంటే పొరపాటు. పెరూలో ‘చుల్పి’ అనే ముడత గింజల మొక్కజొన్న ఉంది. దాన్ని ఎండాక మూకుడులో కరకరలాడేలా వేయించి ‘కాంచా’ చేస్తారు. మెక్సికోలోని హలీస్కో ప్రాంతపు తీపి మొక్కజొన్ననూ వేయించి, చెరకు బెల్లం పాకం పట్టి ‘పొంతెదూరో’ అనే మిఠాయి చేస్తారు. ముడత గింజను ఎన్నో తరాలుగా ఎరిగినవాళ్లలో ఇంతమంది దాన్ని ఎండాకే ఎక్కువగా వాడుకున్నారు. ముదిరిన స్వీట్ కార్న్ పనికిరాదన్న మాటను ఎన్ని తోటపని పుస్తకాల్లో చదివానో లెక్కలేదు. నేనూ నమ్మాను. ఇప్పుడు ఎండిన గింజ నాలుగు వేయించుకుని చూశాక ఆ మాట రాసినవాళ్లు ఒక్కసారైనా వేయించి చూడలేదని తేలిపోయింది.

ఇంకో గందరగోళం కూడా తేల్చుకోవాలి. మస్కోగీ, చెరొకీ, సెమినోల్ జాతుల పచ్చిపొత్తుల పండుగను చాలామంది స్వీట్ కార్న్ పండుగగా రాసేస్తున్నారు. మస్కోగీల్లో దాన్ని బస్క్ అంటారు. కొత్త పంట గింజ పాలు పోసుకునే వేళ అది వస్తుంది. పాత నిప్పు ఆర్పేసి కొత్త నిప్పు రాజేస్తారు. హత్య తప్ప మిగతా నేరాలకు క్షమాపణ దొరికేది. పండుగ కాకముందు కొత్త మొక్కజొన్న ముట్టరు. ఇక్కడ పచ్చిపొత్తు అంటే పాలదశలో ఉన్న ఏ రకమైనా కావచ్చు, పిండిరకమైనా సరే. దాని పవిత్రత కొత్త పంట వల్ల వచ్చింది, తీపికి అందులో వాటా లేదు. హోపీల సంగతి కొంచెం వేరు. జూలైలో జరిగే నీమన్ వేడుకకు అందేలా స్వీట్ కార్న్‌ను ముందుగా నాటుతారు. దేవతా రూపాల్లో వచ్చేవాళ్లు పిల్లలకు ఆ కొత్త పొత్తులను కాడలతో సహా ఇస్తారు. సంస్కృతిలో స్వీట్ కార్న్ స్థానం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ రెండింటికీ తేడా చెబుతాను.

తర్వాతి వంద ఏళ్ల కథ వ్యాపారానిది, త్వరగానే చెప్పేస్తాను. థామస్ జెఫర్సన్ 1810లో తన తోట పుస్తకంలో ‘ముడత మొక్కజొన్న’ నాటినట్టు రాసుకున్నాడు. 1828లో థార్‌బర్న్ విత్తనాల కేటలాగులో ‘షుగర్ కార్న్’ కనపడుతుంది. 1840లలో న్యూజెర్సీలో నేథన్ స్టోవెల్ తయారుచేసిన స్టోవెల్స్ ఎవర్‌గ్రీన్ రకాన్ని మొక్కతో సహా పీకి చల్లటి చోట తలకిందులుగా వేలాడదీస్తే చలికాలం దాకా లేతగా ఉండేదట. సొంతానికే వాడుకుంటానన్న స్నేహితుడికి ఆయన రెండు పొత్తులు 4 డాలర్లకు ఇస్తే, అతను దాన్ని 20,000 డాలర్లకు అమ్ముకున్నాడని ఒక కథ తిరుగుతుంది. నిజమో కాదో గానీ, విత్తనం చేతులు మారే పద్ధతి మారిపోయిందనడానికి ఆ కథ చాలు. మేన్ రాష్ట్రంలో ఐజాక్ విన్స్‌లో ఏళ్ల తరబడి తంటాలు పడి మొక్కజొన్నను డబ్బాల్లో నిలవ చేయడం నేర్చి 1862లో పేటెంట్ సంపాదించాడు. అమెరికా సుప్రీంకోర్టు 1875లో అందులో కొత్తదనం లేదని దాన్ని కొట్టేసింది. అప్పటికే డబ్బా మొక్కజొన్న దేశమంతా తిరుగుతోంది. ఇల్లినాయ్‌లోని హూప్‌స్టన్ ఊరు ఈ డబ్బా కర్మాగారాల మీదే పెరిగింది. అక్కడి బడి ఆటల జట్టు పేరు నేటికీ కార్న్‌జెర్కర్స్, అంటే పొత్తులు విరిచేవాళ్లు. పులులూ సింహాలూ పేర్లుగా పెట్టుకునే జట్ల మధ్య ఆ పేరు నాకు భలే నచ్చుతుంది.

రంగు గురించి ఒక ముక్క. స్వీట్ కార్న్ అంటే తెల్లగా ఉండాలన్నది 19వ శతాబ్దపు అమెరికన్ల పట్టింపు. పసుపుది పశువుల మేత. మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో విలియం చేంబర్స్ అనే రైతు పెంచుకున్న చిన్న పసుపు రకాన్ని ఆయన పోయాక బర్పీ కంపెనీ సంపాదించి, 1902లో గోల్డెన్ బాంటమ్ పేరుతో అమ్మింది. ఒక తరం తిరిగేసరికి తెల్లదాన్ని చూసి ఇది పండిందేనా అని అడిగే రోజులొచ్చాయి. పట్టింపుల ఆయుష్షు అంతే.

1930లలో గోల్డెన్ క్రాస్ బాంటమ్ అనే హైబ్రిడ్ వచ్చింది. ఒక బాక్టీరియా తెగులు చేలకు చేలు తుడిచిపెడుతున్న రోజుల్లో ఇది తట్టుకుని నిలబడింది కాబట్టి రైతులు ఎగబడ్డారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ హైబ్రిడ్ గింజ దాచి నాటితే తల్లిలాంటి పంట రాదు. ఏటేటా కొనాల్సిందే. అన్ని తరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన ఏరే పని అక్కడితో చాలామంది చేతుల్లోంచి జారిపోయింది. స్వీట్ కార్న్ చరిత్రలో అసలు మలుపు ఏదని అడిగితే నేను 1779 అనను, దీన్నే చూపిస్తాను.

ఇప్పుడు దొరికే స్వీట్ కార్న్‌లో చాలాభాగం షుగరీ-1 కూడా కాదు. పాత రకాల తీపి నిలవదు. కోసిన పొత్తులో చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఒక్క రోజులో సగం దాకా పోతుంది. నీళ్లు పొయ్యి మీద పెట్టాకే పొత్తు కోయడానికి వెళ్లాలన్న అమెరికన్ పల్లెల మాట అందుకే పుట్టింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ వేరే పనిమీద పెంచుతున్న ‘ష్రంకెన్-2’ అనే రకాన్ని రుచి చూసి, మామూలు స్వీట్ కార్న్‌కన్నా బాగా తీపిగా ఉందని గమనించి 1953లో ప్రకటించాడు. ఇది మూడో క్రోమోజోమ్ మీద ఉన్న వేరే జన్యువు. ఇందులో పిండి తయారీ మొదటి మెట్టు దగ్గరే కుంటుపడుతుంది కాబట్టి తీపి రోజుల తరబడి నిలుస్తుంది. విత్తనం ఇంకా పీలగా ఉంటుందని విత్తన కంపెనీలు మొదట మొహం చాటేశాయి. 1960లలో సూపర్ స్వీట్‌గా బయటికొచ్చిన ఆ రకమే, 1980ల నుంచి దూరప్రయాణాలకు పనికొస్తుందని రాజ్యమేలింది.

దాని మీద నాకు ఫిర్యాదు ఉంది. తీపి ఉంది గానీ మీగడ లేదు, ఎందుకంటే అందులో ఫైటోగ్లైకోజెన్ దాదాపు ఉండదు. కొరికితే నీళ్లూ చక్కెరా. మొక్కజొన్న వాసన ఎక్కడో వెనక నిలబడి ఉంటుంది. అయితే చేనుకు వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నవాడికి పాతరకం పొత్తు అందేసరికి మిగిలేది పిండే కదా అంటే నా దగ్గర సమాధానం లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, పాత స్వీట్ కార్న్‌నూ సూపర్ స్వీట్‌నూ పక్కపక్కన నాటితే రెండూ చెడతాయి. ఒకదానిలో చెడిన జన్యువు రెండోదానిలో బాగుంటుంది, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చేస్తుంది, రెండు తీపి రకాలు కలిసి చప్పటి పిండిగింజలను కంటాయి.

పోయిన పంటకు నేను గోల్డెన్ బాంటమ్ వేశాను, గింజ దాచుకోవచ్చని. మొదటిసారి చేసినట్టు ఒకే వరసలో నాటలేదు. అలా నాటితే పుప్పొడి పక్కకు కొట్టుకుపోయి, పొత్తులు పళ్లూడిన నోళ్లలా వస్తాయని అనుభవమైంది. నాలుగు వరసలు, వరసకు నాలుగు. చుట్టుపక్కల ఎక్కడా మొక్కజొన్న లేదనే నా నమ్మకం. పది పొత్తులు తిన్నాం, రెండు మొక్కమీదే ఎండనిచ్చాను. డొప్ప ఒలిచి చూస్తే ముడతల మధ్య అక్కడక్కడ నున్నటి గింజలు, నిండుగా, మెరుస్తూ. ఎవరి చేలోంచి ప్రయాణం చేసి వచ్చిందో ఏమో. రెండు పొత్తుల్లో కలిపి పదకొండు లెక్కపెట్టాను. వాటిని గోటితో ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, మిగతావి సీసాలో పోశాను.